చాయ్ తాగి పో

కాలేజీ ఫుట్‌బాల్ జట్లలో ఎవరిని ఆడించాలో, ఎవరిని తీసేయాలో యంత్రమే తేల్చేస్తున్న రోజులవి. హెడ్ కోచ్ ఎల్లేశానికి మిగిలింది ఒకటే పని. తీసేసిన పిల్లవాణ్ణి ఇంటికి పిలిచి ఆ మాట చెప్పాలి. చెప్పి చెప్పి మనిషి అలిసిపోయాడు.

అందుకే పక్క జిల్లా కాలేజీ నుంచి ఉద్యోగానికి కబురు రాగానే ఆశపడ్డాడు. జీతం ఇక్కడ ఇచ్చినంతే, మైదానం ఇంతకంటే చిన్నది. కానీ అక్కడ ఆ మాట కూడా యంత్రమే చెబుతుందట, హెడ్ కోచ్ గొంతుతో.

"గిదేం గొప్ప నౌకరి?" అంది భార్య సుగుణ.

"పిల్లల మొకం చూసేది ఉండదు. గంతకంటే ఏం గావాలె?"

ఆ కాలేజీవాళ్లు అతని పాత మాటల రికార్డింగులన్నీ వినిపించి యంత్రానికి నేర్పారు. నమూనా పంపితే ఇద్దరూ విన్నారు. అచ్చం అతని గొంతే.

"ఈసారి టీంల నువ్వు లేవు బిడ్డా. దిల్ ఖరాబ్ చేస్కోకు. కూసో, చాయ్ తాగి పో."

"మరి చాయ్ ఎవరు పోస్తరు?" అంది సుగుణ.

ఎల్లేశం ఆ కాలేజీకి ఫోన్ చేసి అదే మాట అడిగాడు. అవతల మేనేజర్ ఆ మాట రాసుకున్నాడు.

"మంచిగ గుర్తుచేసిన్రు సార్. ఆ ముక్క తీసేపిస్తం."

ఎల్లేశం ఫోన్ పక్కన పెట్టాడు. సాయంత్రం గోల్‌కీపర్ నవనీత్ వస్తాడు. తనను తీసేసిన సంగతి వాడికింకా తెలియదు.

మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు.

"సుగుణా, పాలున్నయా?"