కదిలే అంకె

అంకె మళ్లీ పెరిగింది.

ఆఫీసులో తన కుర్చీ ముందుకి లాక్కుని ఆమె మళ్లీ చూసింది. బల్ల మీద పెట్టె పెట్టినట్టే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. అయినా అంకె మాత్రం పెరుగుతోంది.

వంతెనలకీ గోడలకీ బిగించే చిన్న పెట్టె అది. బిగించిన చోటు వెంట్రుకవాసి ఒరిగినా సెన్సర్ పసిగడుతుంది. ఎంత ఒరిగిందో చెప్పే ఆ అంకెని భద్రంగా దాచే పని ఆమె రాసిన సాఫ్ట్‌వేర్ లైబ్రరీది. సర్వర్లూ ఇంటర్నెట్టూ అక్కర్లేకుండా, పెట్టె లోపలే ఓ మూల ఒదిగి కూర్చునే బుల్లి డేటాబేస్.

బయట దొరికేదేదో కొని పెడదామని బాస్ అన్నాడు. "వద్దు సార్, నాది తేలిక. రాస్తుండగా కరెంటు పోయినా ఒక్క అంకె చెదరదు" అని మాటిచ్చి మరీ తనది పెట్టించింది. ఆ మాటే ఇప్పుడు మెడకి చుట్టుకుంది.

ఎందుకంటే, అలాంటి పెట్టె ఒకటి అప్పటికే నది మీద పాత వంతెనకి బిగించేశారు. దాని అంకెలు చూసుకునే వంతెన మీద బస్సులు వదులుతున్నారు.

"నా సెన్సర్‌కేం రోగం లేదు" అన్నాడు గడ్డం. సెన్సర్ల పని అతనిది. ఆ గడ్డం చూసి ఆఫీసంతా అతన్ని అలాగే పిలుస్తుంది. "కావాలంటే చూడు, రెండో పెట్టె నా బల్ల మీదుంది. దాన్లో వేరే సెన్సర్. అదీ ఇలాగే పెరుగుతోంది."

వెనకాలే బాస్ వచ్చి నిలబడ్డాడు.

"చూడమ్మా, రెండు పెట్టెలు, రెండు సెన్సర్లు. రెండింట్లోనూ ఉన్నదేమిటి? నీ లైబ్రరీయేగా?"

"సెన్సర్ ఇచ్చిన అంకెనీ, లోపల దాచిన అంకెనీ పక్కపక్కన పెట్టి చూశాను సార్. రెండూ ఒకటే."

"పోల్చి చూసిన ప్రోగ్రామెవరిది?"

 అదీ తనదే.

"రేపు వంతెన వాళ్లొస్తున్నారు. బస్సులతో పాటు లారీలు కూడా వదలొచ్చా అని అడుగుతారు. ఏం చెప్పమంటావు?" బాస్ గొంతు పెంచలేదు. పెంచి నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

పొద్దుటి నుంచి ఇప్పటికి పదిసార్లు ప్లగ్ పీకింది. అంకె సగం రాస్తుండగా పీకింది, రాయడం అవ్వగానే పీకింది. మళ్లీ పెట్టిన ప్రతిసారీ లైబ్రరీ బుద్ధిగా లేచి, ఉన్నవన్నీ ఉన్నట్టే అప్పజెప్పింది. తప్పెక్కడో అంతు చిక్కలేదు. కళ్లు మూసుకుంటే వంతెన, దాని మీద బస్సు, బస్సు కిటికీలోంచి బయటికి చూస్తున్న మొహాలు.

"ఇంటికెళ్లి మొదటి లైను నుంచీ చదువుకుంటాను సార్. ఇక్కడ బుర్ర పనిచేయట్లేదు" అంది. పెట్టెని చున్నీలో చుట్టుకుని, మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా బయల్దేరింది.

ఇంట్లో వంటగది గట్టు మీద దాన్ని పెట్టి, ప్లగ్ తగిలించి, ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. అత్తగారు కూరగాయల బుట్టతో వచ్చి చూశారు.

"ఏమ్మా, ఇల్లంతా వదిలేసి నా గట్టే దొరికిందా నీ పెట్టెకి?"

"కదపకండి అత్తయ్యా, మీకు పుణ్యముంటుంది."

ఆవిడ బుట్ట నేల మీద దించారు. మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టి, నేల మీద కూర్చుని తరుక్కోవడం మొదలుపెట్టారు.

ఆమె చదివింది. లైను తర్వాత లైను. మధ్యమధ్యలో అంకె వైపు చూసింది.

అంకె కదల్లేదు.

గ్లాసులో నీళ్లయిపోయాయి. కూరలు తరగడం అయిపోయింది. సాయంత్రం ఎండ గట్టు మీదికి జరిగింది. అంకె మాత్రం మేకు కొట్టినట్టు ఉన్నచోటే ఉంది.

సంతోషం వేయాల్సింది పోయి ఆమెకి భయం పట్టుకుంది. కళ్లెదుట కనిపించే తప్పునైతే పట్టుకోవచ్చు. ఒకచోట కనిపించి మరోచోట దాక్కునే తప్పుని ఎలా పట్టుకోవడం? వంతెన మీది పెట్టెలో ఇప్పుడది దాక్కుందో, బయటపడిందో!

"ఏమైందే, అలా పాలిపోయావు?"

"పెట్టె బాగా పనిచేస్తోంది అత్తయ్యా."

"బాగా పనిచేస్తే ఏడుస్తావేమిటి, చోద్యం కాకపోతే!" ఆవిడ తొక్కలు ఎత్తుతూ నవ్వారు. "ఇంటికొచ్చేసరికి కుదురొచ్చింది కాబోలు. మీ ఆఫీసు పడట్లేదేమో దానికి."

ఆమె కూడా నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

గబుక్కున ఫోన్ తీసి గడ్డానికి కలిపింది. 

"నీ బల్ల మీది పెట్టెలో ఉన్నది నా లైబ్రరీయేగా? ఏమీ మార్చలేదుగా?"

"లేదే. నువ్వు పెట్టిందే. ఏం?"

"అంకె చెప్పు."

అతను కుర్చీ జరుపుకున్న చప్పుడు వినిపించింది. "ఇంకా పెరుగుతూనే ఉంది. పొద్దుటి కంటే జోరుగా. బాస్ ఇక్కడే ఉన్నాడు, అందరం దీని చుట్టూనే కూర్చున్నాం. తప్పు దొరికిందా, లేదా?"

ఆమె గట్టు అంచు పట్టుకుని లేచి నిలబడింది.

"నా లైబ్రరీలో తప్పు లేదు, నీ సెన్సర్లో తప్పు లేదు," అని అరిచింది, "ఎక్కడివక్కడ వదిలేసి అందరూ మెట్ల మీంచి రోడ్డు మీదికి పరిగెత్తండి, ఒరుగుతున్నది మన ఆఫీసు బిల్డింగే!"