దారం కొస

"కోసెయ్యి శాంతయ్యా," అన్నాడు డాక్టర్ రోసెన్.

ముప్పై ఏళ్ళుగా గుడ్డ కనిపిస్తే కోయడమే తెలిసిన చిత్తూరు దర్జీ శాంతయ్య, ఎత్తిన కత్తెర దించేశాడు. బల్లమీద నల్లచారల తెల్ల ఉన్ని ప్రార్థన శాలువా పరిచి ఉంది. యుద్ధానికి ముందు జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన ఆ యూదు డాక్టరు వెంట తెచ్చుకున్నది అదొక్కటే. శనివారానికి ఆయన కొడుకు యాకోబుకు పదమూడేళ్ళు నిండుతాయి. ఆ శాలువా కప్పుకుని ధర్మశాస్త్రం చదివితే, ఇక పెద్దవాడైనట్టే.

"కోస్తే మళ్ళా మీకు పనికిరాదు దొరా."

"నాకొద్దు. చచ్చినాక మావాళ్ళను దీంట్లోనే సుట్టి పూడుస్తారు. మా నాయన్ను, తమ్ముళ్ళను గుడ్డపేలిక లేకుండా గుంటలో తోసినారంట. నాకు మాత్రం యెందుకు?"

డాక్టరు వీధిలోకి వెళ్ళిపోయాడు. శాంతయ్య, బల్ల పక్కనే నిలబడ్డ యాకోబు భుజాలు కొలిచి, శాలువా అంచులు లోపలికి మడిచి, పెద్ద పెద్ద కచ్చాకుట్లు వేశాడు.

తర్వాత దారం కొసను పిల్లవాడి వేళ్ళకు అందించాడు.

"కోయలేదబ్బయ్యా. ఈ కొస పట్టి లాగితే మళ్ళా మీ నాయన కొలతకు వస్తాది. ఆయన పోయిన పొద్దు లాగాల్సింది నువ్వే. పెద్దోడివి గదా."

యాకోబు కొస వదిలేసి, చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు.