చావు సీను

సీరియల్ రచయిత వాసుదేవ్ పేరు చెబితే సోలాపూర్‌లోని తెలుగువాళ్ళ పేట నీలం నగర్ ఆడవాళ్ళు మెటికలు విరుస్తారు. మళ్ళీ ఎనిమిదింటికల్లా టీవీ ముందు చేరేదీ వాళ్ళే. అతని మరాఠీ సీరియళ్ళలో పెళ్ళికూతుళ్ళు బావిలో తేలతారు. తప్పిపోయిన పిల్లలు దొరకరు. ఈ క్రూరత్వం జపాన్ సినిమాలు చూసి నేర్చుకున్నానని ఇంటర్వ్యూల్లో గొప్పగా చెప్పుకుంటాడు.

ముంబై వెళ్ళకముందు అతను పన్నెండేళ్ళు పవర్‌లూమ్ నడిపాడు. ఎదురుగా ఉన్న సాంచా మగ్గం రాజారాంది. ఆ మోతలో గొంతు చించుకున్నా వినపడదు. కార్ఖానాలో అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. చప్పుడు లేకుండా తిట్టుకుని, చప్పుడు లేకుండా నవ్వుకుంటారు.

అందుకే రాజారాం చావుబతుకుల్లో పడితే అతని భార్య యల్లమ్మ వాసుదేవ్‌కే ఫోన్ చేసింది. గొంతు క్యాన్సర్‌కి ఆపరేషన్ చేశాక రాజారాంకి మాట పోయింది. రాయడం ఎటూ రాదు.

"పొద్దుగాల సంది నన్ను చూసి ఏందో అంటుండు వాసూ. నేను బీడీలు చేసేదాన్ని, నాకు ఆ పెదవుల ముచ్చట ఏం సమజైతది? నువ్వొచ్చి చెప్పు."

వాసుదేవ్ రెక్కలు కట్టుకుని వాలాడు. ఎంతైనా పాత స్నేహం.

ఆస్పత్రిలో యల్లమ్మ మంచానికి దూరంగా, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుగా అలవాటైన దూరం అది. "నీ చేతులు పొగాకు కంపు, అటు జరుగు" అని రాజారాం విసుక్కోని రోజు లేదు. పాపం, ఆమె ఎంత తోమి కడిగినా ఆ వాసన పోయేది కాదు.

రాజారాం వాసుదేవ్‌ని చూశాడు. యల్లమ్మ వైపు వేలు చూపించి పెదవులు కదిపాడు. మళ్ళీ కదిపాడు. మూడోసారికి ఆయాసం వచ్చింది.

"ఏమంటుండు?"

వాసుదేవ్ తల దించుకున్నాడు.

"ఇప్పుడు గూడ తిడుతుండా? ఉన్నదున్నట్టు చెప్పు. నేనేం అనుకోను."

"లేదు వదినె. సోయి లేదు. ఒట్టిగనే పెదవులు కదుల్తున్నయ్. ఏం అంటలేడు."

రాజారాం తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. వాసుదేవ్ దాచాడంటే ఆ మాట ఏమై ఉంటుందో యల్లమ్మకి వేరే చెప్పాలా? కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్ళిపోయింది. సాయంత్రానికి రాజారాం పోయాడు.

ఆరు నెలలకి వాసుదేవ్ కొత్త సీరియల్లో చావు సీను వచ్చింది. మంచం మీది మొగుడు బీడీలు చుట్టే పెళ్ళాంతో అంటాడు: "నీ చేతుల పొగాకు వాసన లేకపోతే నాకు నిద్ర పట్టదే. ఇన్నేళ్ళూ ఊరికే తిట్టాను. దగ్గరికి రా."

సోలాపూర్ సోలాపూరంతా ఏడ్చింది. సీనుకి అవార్డు వచ్చింది. నీలం నగర్‌లో సన్మానం పెట్టారు.

జనంలోంచి యల్లమ్మ వచ్చి వాసుదేవ్ రెండు చేతులూ పట్టుకుంది.

"మా ఆయన అనని మాట నీ సీరియల్ల అనిపించినవ్. నా మీద జాలిపడి రాసినవ్ గద వాసూ. అబద్ధమే అయినా నా కడుపు సల్లగయింది."

వాసుదేవ్ వినయంగా నవ్వాడు.

ఆ డైలాగుకి అతను పడ్డ శ్రమల్లా, రాజారాం పెదవుల మీద చదివిన తెలుగు మాటల్ని మరాఠీలోకి మార్చడమే.