తాళం వేసిన బ్రష్షులు

"సార్, ఈ ఒక్కరోజుకైనా మిగతా బ్రష్షులు తెరవండి సార్. ఎడిటర్ మేడమ్ వచ్చే వేళయింది," అంది కొత్తమ్మాయి.

"తెరిచి ఏం చేస్తావ్?" సీనియర్ ఆర్టిస్టు కుర్చీలో వెనక్కి వాలాడు. "గుండ్రటి బ్రష్షు ఒకటిచ్చాను. నలుపూ ఎరుపూ ఇచ్చాను. ముందు వాటితో గీత తిన్నగా గియ్యడం నేర్చుకో. ఏడువందల బ్రష్షులు వాడాలంటే చేతిలో పస ఉండాలమ్మా!"

కంప్యూటర్లో బొమ్మలు వేసే ఆ ఆఫీసులో ఆయన్ని చాటుగా అందరూ 'బ్రష్షుల దొర' అనేవారు. కంప్యూటర్లోని ఆ బ్రష్షుల్లో ఎవరికి ఏది దక్కాలో తేల్చే పాస్‌వర్డు ఆయన గుప్పిట్లో ఉంది మరి. మూడు నెలల కిందట అమ్మాయి చేరిన రోజే అన్నిటికీ తాళం వేసి ఒక్కటి వదిలాడు. ఇవాళ ఎడిటర్‌కి ఎవరి బొమ్మ నచ్చితే వాళ్లే పిల్లల పుస్తకాలు పన్నెండింటికి బొమ్మలు వేస్తారు. అట్ట మీద వాళ్ల పేరే పడుతుంది. ఇరవయ్యేళ్లుగా ఏ అట్టకీ ఎక్కని పేరు దొరది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల పేరు ఎక్కనిస్తాడా?

ఎడిటర్ వచ్చింది. ఇద్దరికీ ఆవిడ ముందే వెయ్యమని ఇచ్చింది ఒకటే బొమ్మ: వానలో గొడుగు పట్టుకున్న ఎలుగుబంటి.

దొర ముందుగా తన బొమ్మ తెరిచాడు. బొచ్చుకో బ్రష్షు, చినుక్కో బ్రష్షు, మంచుకో బ్రష్షు. తెరంతా తళతళలాడిపోతోంది.

"బొచ్చు బాగుంది. వాన బాగుంది. మంచూ బాగుంది," అంది ఎడిటర్ కళ్లజోడు సర్దుకుంటూ. "ఎలుగుబంటే కనపడ్డం లేదు."

అమ్మాయి బొమ్మలో నల్లటి గీతలు, ఒక ఎర్ర గొడుగు. అంతే. చినుకు ఒక్కటీ లేదు. అయినా ఆ ముడుచుకున్న భుజాలు చూస్తే ఎలుగుబంటి తడిసి ముద్దవుతోందని తెలిసిపోతోంది. ఎడిటర్ పకపకా నవ్వింది.

"పేరు చూడకుండానే ఇది నీ గీతేనని పిల్లలు గుర్తుపట్టేస్తారు. పన్నెండూ నువ్వే వెయ్యి."

దొర చటుక్కున అందుకున్నాడు. "అదంతా నా చలవే మేడమ్! మిగతావన్నీ దాచేసి ఒక్కదాంతోనే సాధన చేయించాను."

"అయితే మీవి కూడా ఓసారి దాచేసుకోవాల్సింది," అనేసి ఆవిడ వెళ్లిపోయింది.

దొర తన బొమ్మ మూసేసి లెక్కలు వేసుకున్నాడు. ఇంకేం దిక్కులేక కదా ఆ పిల్ల ఒక్క బ్రష్షుతో సరిపెట్టుకుంది! ఏడువందలూ ఒక్కసారిగా ముందు కుమ్మరిస్తే ఏది ముట్టుకోవాలో తెలియక తికమకపడి చస్తుంది. వారం తిరక్కుండా ఆ శైలి కాస్తా మట్టికొట్టుకుపోతుంది. ఆ ఆలోచనకి తనకి తనే మురిసిపోయి, గొంతులో తేనె పోసుకుని ఆమె బల్ల దగ్గరికి నడిచాడు.

"ఇంత పేరు తెచ్చావు, నిన్నింకా కట్టడి చెయ్యడం ఏం న్యాయం తల్లీ? ఇదిగో, అన్నీ తెరిచేస్తున్నాను. తనివితీరా వాడుకో!"

అమ్మాయి తలెత్తి ఆయన్ని జాలిగా చూసింది.

"మీకెందుకు సార్ శ్రమ? రోజూ మిమ్మల్ని అడిగింది మీ సరదా తీరుతుందని. మీ పాస్‌వర్డు మీ పేరే కదా, చేరిన వారానికే అన్నీ తెరిచి, ఒక్కొక్కటీ గీసి చూసి, మళ్లీ తాళం నేనే వేసుకున్నాను."