లవంగాల పొట్లం

ఉతకబోయిన మొగుడి చొక్కా జేబులోంచి లవంగాల పొట్లం జారిపడింది.

మనీషా దాన్ని తీసి వాసన చూసింది.

తాగినవాళ్లే వాసన దాచుకోవడానికి లవంగాలు నములుతారని భూపాలపల్లి గని కాలనీలో పసిపిల్లనడిగినా చెబుతుంది. ఈమధ్య దేవేందర్ తూలకుండా ఇంటికి వస్తుంటే బాగుపడ్డాడనుకుంది. దాస్తున్నాడన్నమాట.

ఇప్పటికే నాగాలు ఎక్కువై గనిలో పని ఊగులాడుతోంది. చంకలో చూస్తే పాలు మరవని పాప.

ఇదంతా ఆ కొత్త దోస్తు ఇమ్మానుయేల్ పనే. ఆదివారం వస్తే చాలు, దేవేందర్‌ను బండెక్కించుకుని పోతాడు. ఒకప్పుడు తాగి మోరీ పక్కన పడి ఉండేవాడని కాలనీ అంతా చెప్పుకునే మనిషి.

ఆ ఆదివారం అతను వాకిట్లో బండి ఆపగానే మనీషా పొట్లం తెచ్చి కాళ్ల ముందు విసిరింది.

"గివి నువ్విచ్చినవేనా?"

"నేనే ఇచ్చిన చెల్లె."

"చెల్లె గిల్లె అనకు. నువ్వు మునిగింది చాలదా, నా మొగన్ని గూడ ముంచుతున్నవా? నీకు పెండ్లాం పిల్లలు లేరా?"

"ఉండిరి," అన్నాడతను మెల్లగా.

పక్కింటి బుచ్చమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "గట్ల గడ్డి పెట్టు బిడ్డా. గాడు ఏ ఇంటి ముందట నిలబడితే గా ఇల్లు ఆగమే."

లోపల్నుంచి వచ్చిన దేవేందర్ ఏదో అనబోయాడు. ఇమ్మానుయేల్ వద్దన్నట్టు తల ఊపాడు. వంగి, చెదిరిన లవంగాలు ఒక్కొక్కటే ఏరుకుని వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు.

దేవేందర్ మాత్రం ఆమెతో మాట మానేసి, మళ్లీ తూలుతూ రావడం మొదలుపెట్టాడు. ఈసారి లవంగాలు కూడా నమల్లేదు.

ఇంకొక్క నాగా అయితే పని పోతుందని గని నుంచి కబురొచ్చింది. మనీషా పాపనెత్తుకుని, ఎవరికీ చెప్పకుండా, కార్మికుల బాగోగులు చూసే ఆఫీసుకు పోయింది. మంజుల మేడం ఒక్కతే ఉంది.

"మేడం, మా ఆయన పేరు..."

"పేరు చెప్పకమ్మా. ముందు గా తలుపు దగ్గరికెయ్యి. తాగుడేనా?"

మనీషా తల వంచుకుంది.

"సాయం అడిగితే ఉద్యోగం పోదు, భయపడకు. ఎవ్వలికీ తెల్వనియ్యం. గీ పనికే మా దగ్గర ఒకాయన ఉండె. మానాలనుకున్నోళ్లు ఆయనకే చెప్పుకునేది. పేర్లు మాకు గూడ చెప్పకపోతుండె. దోస్తు లెక్క ఇంటికొచ్చి హన్మకొండ డాక్టర్ దగ్గరికి తోల్కపోతుండె. తాగబుద్ధయితే నోట్లె వేసుకొమ్మని లవంగాలిస్తుండె. తను గూడ గట్లనే మానిండు."

పాప వీపు నిమురుతున్న మనీషా చేయి ఆగిపోయింది.

"ఆయన్ని... ఇంకొక్కసారి పంపుతరా మేడం?"

ఆ 'ఇంకొక్కసారి' మంజుల చెవిని పడలేదు.

"లేడమ్మా, బదిలీ అడిగి పోయిండు. ఎవరింటి ముందటనో బజార్ల నిలబెట్టి తిట్టిన్రట. ఇగ తను ఏ గడప తొక్కినా గది తాగుబోతు ఇల్లని తెలిసిపోతదట. ఇంకో మనిషి దొరికేదాక ఆగాలె."

మనీషా పాపను ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

"తిట్టింది ఎవలో చెప్పు, మేం పోయి మాట్లాడుతమని ఎంత బతిమాలినా," మంజుల కిటికీ వైపు చూస్తూ అంది, "ఆ తల్లి పేరు మాత్రం చెప్పలే."