సగం పాట

"ఆ పాట ఆపు నాయనా! అలా పాడకూడదు!"

జీగింతాస్ వేళ్ళు తీగల మీదే ఆగిపోయాయి.

గుట్ట మీద నిప్పు మండుతోంది. వేసవి పండక్కి నాలుగు వందల మంది దాకా వచ్చారు. అందరి తలల మీదా ఓక్ ఆకుల దండలే. వాళ్ళని తోసుకుంటూ, నల్ల తలగుడ్డ కట్టుకున్న ఒక ముసలామె చేతులు ఊపుతూ ముందుకు వస్తోంది. మెడలో వెండి శిలువ.

"వచ్చిందండీ చర్చి తాఖీదు!" అంది అతనితో జంటగా పాడే స్కైస్తే.

జనం గొల్లున నవ్వారు.

"మామ్మగారూ, ఆదివారం మీరు పాడుకునేటప్పుడు మేమొచ్చి ఆపుతున్నామా?" అన్నాడు జీగింతాస్.

"అది కాదు నాయనా, నేను చెప్పేది..."

"తెలుసులెండి. మా ఉరుముల దేవుడు పెర్కూనాస్ దయ్యం, మా జెమీనా భూతం, మేమంతా నరకానికి పోతాం. ఇరవై ఏళ్ళుగా వింటున్నదే. ఇదుగో, ఇంత జున్ను తిని వెళ్ళండి."

స్కైస్తే ఆమె చేతిలో జున్నుముక్క పెట్టి, భుజం పట్టుకుని మెల్లగా గుట్ట దింపేసింది.

జీగింతాస్ విసుగులో న్యాయం లేకపోలేదు. పాత దేవుళ్ళని కొలుస్తాడని కన్నతల్లే అతన్ని గడప తొక్కనివ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని మీటే కాంక్లెస్‌ని చూపించి, "ఆ చెక్కముక్కతోనే కాపురం చేసుకో" అని భార్య వెళ్ళిపోయింది. పగలు తాపీపని, సాయంత్రం పాట. ముసలివాళ్ళ నోట మిగిలిన పాటలన్నీ ఊరూరా తిరిగి ఏరుకొచ్చాడు. లిథువేనియాలో నలుగురూ అతని పేరు చెప్పుకునేసరికి జుట్టు నెరిసిపోయింది.

ఆ పేరు తెచ్చింది ఈ పాటే. రై పంట కోతలప్పుడు భూదేవి జెమీనాకి ఇద్దరు ఆడవాళ్ళు పాడే పాట. ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకుని, గొంతూ గొంతూ ఒరుసుకుంటూ సాగాలి.

దొరికింది ఒక గొంతే.

1968లో పట్నం నుంచి ఎవరో వచ్చి రికార్డు చేసిన ఉర్షులే అనే విధవరాలిది. ఆమె ఎప్పుడో పోయింది. పొలాలు చదును చేస్తామని సర్కారు ఆమె ఊరిని కూడా దున్నించేసింది. మనుషులు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు.

రెండో గొంతు కోసం జీగింతాస్ నూట పదిహేడు ఊళ్ళు తిరిగాడు. అది లేనిదే పాట భూదేవికి చేరదని అతని నమ్మకం. ఎక్కడా దొరకలేదు. చివరికి తనే ఒక తియ్యటి వరస కట్టి స్కైస్తే చేత పాడించాడు. జనం వెర్రెత్తిపోయారు. జీగింతాస్‌కి మాత్రం, చప్పట్లు మోగిన ప్రతిసారీ దొంగతనం చేసినట్టే ఉండేది.

మరుసటి వేసవికి ముసలామె మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో కర్ర.

"ఒక్కమాట విను నాయనా. ఒకే ఒక్కమాట."

"ఒక్కమాటేమిటి మామ్మగారూ, బైబిలంతా చదివి వినిపించండి. మా పాటలయ్యాక."

అయ్యేదాకా ఆమె ఉండలేకపోయింది. ఆమె ఊరికి ఆఖరి బస్సు ఆరింటికే.

మూడో ఏడు ఆమె నోరు విప్పలేదు. వెనకాల ఒక రాయి మీద కూర్చుంది. సరిగ్గా ఆ పాట మొదలవగానే కళ్ళు మూసుకుని పెదవులు కదపసాగింది.

"చూడు, చూడు. జపం! మనకి పట్టిన దయ్యాన్ని వదిలిస్తోంది," అంది స్కైస్తే.

జీగింతాస్‌కి ఒళ్ళు మండింది. డప్పుల వాళ్ళవైపు తిరిగాడు.

"గట్టిగా వాయించండ్రా!"

గుట్ట అదిరిపోయింది. కాసేపటికి ఆమె లేచి, కర్ర పొడుచుకుంటూ దిగిపోయింది.

మంచు పడే రోజుల్లో ఫోను వచ్చింది.

"అపొలోనియా పోయిందయ్యా. మీ గుట్టకి వచ్చేదే, ఆ ముసలామె. నేను పక్కింటిదాన్ని. శవం దగ్గర నీచేత ఆ కోతల పాట పాడించమంది."

"నాచేతా? ఫాదర్ గారు ఊరుకుంటారా?"

"ఆయన్ని కూడా ఒప్పించే పోయింది. మొండిఘటం."

"ఆఖరికి దారికొచ్చింది," అన్నాడు జీగింతాస్ స్కైస్తేతో. ఆ మాటలో గెలుపు ఉంది.

చిన్న గది. శవపేటిక చుట్టూ కొవ్వొత్తులు, నల్లబట్టల ఆడవాళ్ళు. ఇద్దరూ పాడారు. చక్కగా, తియ్యగా పాడారు. ఎవరో ముక్కు చీదుకున్నారు.

పక్కింటామె మాత్రం పెదవి విరిచింది.

"బానే ఉంది గానీ, ఆవిడ పాడేది ఇలా కాదు."

"ఆవిడకి ఈ పాట వచ్చా?"

"సగమే వచ్చులే. దుంపలు ఒలుస్తూ పాడుకునేది. ఓ ముక్క పాడటం, ఆగటం. మళ్ళీ ఓ ముక్క, మళ్ళీ ఆగటం."

జీగింతాస్ కాంక్లెస్ కింద పెట్టేశాడు.

"ఆ ముక్కల్లో మీకు ఒక్కటైనా గుర్తుందా అమ్మా?"

"నాకెందుకుంటుంది? గంటలు గుద్దుకున్నట్టు ఒకటే గోల. రేడియో గట్టిగా పెట్టేసుకునేదాన్ని."

"పోనీ పిల్లలకి ఎవరికైనా? చర్చిలో ఎవరికైనా?"

"ఎవరున్నారయ్యా దానికి? ఒంటికాయ శొంఠికొమ్ము."

స్కైస్తే తల వంచుకుంది. పేటికలోని ముఖం చూసే ధైర్యం జీగింతాస్‌కి లేకపోయింది. ఇక తిరగడానికి ఊళ్ళు కూడా మిగల్లేదు.

"మధ్యమధ్యలో ఎందుకు ఆగేదమ్మా?" అన్నాడు, అడగకుండా ఉండలేక.

పక్కింటామె శవం చేతుల్లో జపమాల సర్దింది.

"వాళ్ళ వదిన ఉర్షులే వంతు వదిలేది నాయనా. ఆ రికార్డు పెట్టె తెచ్చినాయన వచ్చిన పూట ఈవిడ సమష్టి క్షేత్రంలో ఆవుల పాలు పితకడానికి పోయిందట, తిరిగొచ్చేసరికి వదిన ఒక్కత్తే పాడేసింది, ఆయన వెళ్ళిపోయాడు."