గుడ్లు తిప్పిందెవరు

దరియావలికి ఒళ్లు మండిపోతోంది. కృష్ణపట్నం దగ్గర కొత్త కోళ్ల ఫారంలో, కిరసనాయిలు దీపంతో వెచ్చబెట్టే పొదుగుడు పెట్టెకు అతనే కాపలా. గుడ్లు రాత్రంతా ఒకే పక్కన పడుంటే పిల్లలూ దక్కవు, ఉద్యోగమూ దక్కదు. అందుకే ప్రతి గుడ్డుకూ ఒక పక్క సున్నా, మరో పక్క ఇంటూ గీశాడు. ఇందాకే సున్నాలు పైకి తిప్పి, బీడీ తాగి వచ్చేసరికి మళ్లీ అన్నీ ఇంటూలే.

"నువ్వు తిప్పినావా, బీజాన్?"

"నీతో పడే తిప్పలు చాలవా, గుడ్లు గూడా తిప్పాల్నా?" అంది పెళ్లాం గుమ్మంలోంచి.

"పెట్ట పని పెట్టెకిస్తే ఇంతే" అని గొణుక్కుంటూ అతను మళ్లీ తిప్పి, తాళం వేశాడు.

లోపల గుడ్లు దొర్లిన చప్పుడైంది. విసుక్కుంటూ తాళం తీసి, చీకట్లోకి చెయ్యి పెట్టాడు.

వెచ్చటి కోడిపెట్ట ముక్కు ఒకటి ఆ చేతిని మెల్లగా వెల్లకిలా తిప్పింది.